పెళ్ళి డీజే పని మారిపోయింది: బాక్సులు పెంచే ముందు సాయంత్రాన్ని గంటలుగా విడగొట్టుకో

తణుకు దగ్గర పల్లెటూరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాన్నగారి కాలం నుంచి షామియానా, మైకుసెట్టు వ్యాపారం ఉంది. కొన్నేళ్ళుగా తను డీజే కూడా చేస్తున్నాడు. "ఇదివరకు రెండు టాపులు (మాట, పాట వినిపించే పై స్పీకర్లు), రెండు బేసులు (దడదడలాడించే బాక్సులు), నాలుగు లైట్లు పెడితే పెళ్ళివారు సంతోషించేవారు. ఇప్పుడు పెళ్ళికూతురే ఫోన్ చేసి హల్దీకి ఒకలా, సంగీత్‌కి ఒకలా, ఎంట్రీకి ఇంకోలా కావాలంటోంది. డెబ్బై పాటల లిస్టు వాట్సాప్‌లో వస్తోంది. తీరా రిసెప్షన్‌లో ఎవరూ డాన్స్ చెయ్యరు, పది కాగానే ఆపేయమంటారు. ఎల్ఈడీ వాల్ (స్టేజీ దగ్గర వీడియో చూపించే పెద్ద తెర) కొననా? ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకోవచ్చా?" అని అడిగాడు.

నేను పాలకొల్లులో ఉంటాను. అటు నరసాపురం, భీమవరం, ఇటు రాజోలు, రావులపాలెం దాకా ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనే చేస్తున్నాను. తమ్ముడూ, నీ ప్రశ్నలన్నిటికీ మూలం ఒకటే అనిపించింది. సామాను గురించి ఆలోచించినంతగా ఆ సాయంత్రం ఎలా నడుస్తుందో నువ్వు ఆలోచించడం లేదు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన రిసెప్షన్ నడిచే తీరు రీల్స్‌లో చూసే పెళ్ళిళ్ళలాంటిది కాదు. ఏడింటికి వధూవరులు స్టేజీ ఎక్కుతారు. అప్పటి నుంచి లైను మొదలు. అక్షింతలు, కవరు, ఫొటో, దిగి భోజనాల దగ్గరికి, తాంబూలం తీసుకుని ఇంటికి. తొమ్మిది దాకా ఆ లైను ఆగదు. కుర్చీలన్నీ స్టేజీ వైపే. ముందు వరసల్లో ఊరి పెద్దలు, వియ్యాలవారు, దూరం నుంచి వచ్చిన మేనత్తలు. అమ్మానాన్నలు వచ్చేవాళ్ళని పలకరిస్తూ నిలబడి ఉంటారు. ఆ సమయంలో నువ్వు ఎంత హిట్ పాట వేసినా పెద్దవాళ్ళ ముందు ఎవరూ లేచి ఆడరు. దాన్ని చూసి కంగారుపడి సౌండ్ పెంచితే ముందు వరసలు లేచి భోజనాలకి వెళ్ళిపోతాయి, అంతే.

తొమ్మిదింబావుకి లైను పలచబడుతుంది. ఊరి పెద్దలు, పరిచయస్తులు వెళ్ళిపోతారు. మిగిలేది బావలు, మరదళ్ళు, కాలేజీ ఫ్రెండ్స్, ఆఫీసువాళ్ళు, పిల్లలు. ఆరుబయట పది దాటితే లౌడ్‌స్పీకర్ నడపకూడదు. అంటే నీ చేతిలో ఉన్న అసలు డాన్స్ టైమ్ ముప్పావుగంట. ఇది పెళ్ళివారికి బుకింగ్ రోజే చెప్పెయ్యి. చాలామందికి నిజంగా తెలియదు. చెప్పాక వాళ్ళు అడిగేవి వాటంతటవే మారతాయి. కొందరు డాన్సుల్ని ముందు రోజు సంగీత్‌కి మార్చుకుంటారు, కొందరు రిసెప్షన్ ఆరింటికే మొదలుపెడతారు. అన్నవరం కొండమీద పెళ్ళి చేసుకుని రిసెప్షన్ మాత్రం ఊళ్ళో పెట్టుకునేవాళ్ళకైతే ఇంకా వీలు. ఆ రోజు ముహూర్తం హడావుడి ఉండదు కాబట్టి టైమ్ మనం అనుకున్నట్టు నడుస్తుంది.

ఏడు నుంచి తొమ్మిది దాకా సంగీతం ఎలా ఉండాలంటే, స్టేజీ మీద పెళ్ళికూతురికి ఎదుటి మనిషి ఏమంటున్నారో వినపడాలి. అదే నా కొలత. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుంటే ఉజ్జాయింపుగా ముందు వరసలో 65, 70 డెసిబెల్స్ మధ్య ఉంచు. ఎనభైలు, తొంభైల్లో వచ్చిన మెలోడీలు, వేణువు, వీణ మీద వాయించినవి ఇప్పుడు బాగా పనికొస్తాయి. స్టేజీ ఎక్కే పెద్దాయన తన పెళ్ళినాటి పాట వినిపిస్తే ఒక్క క్షణం ఆగి వింటాడు. ఈ రెండు గంటల్ని ఖాళీ టైమ్ అనుకుని అసిస్టెంటుకి వదిలేసే డీజేలు చాలామంది ఉన్నారు. పెళ్ళికొడుకు తండ్రి, అంటే నీకు డబ్బులిచ్చే మనిషి, నీ పనిని అంచనా వేసేది సరిగ్గా ఈ రెండు గంటల్లోనే. తొమ్మిదిన్నరకి ఆయన భోజనాల దగ్గర లెక్కలు చూసుకుంటూ ఉంటాడు.

కజిన్స్ కొరియోగ్రాఫర్‌ని పెట్టుకుని నేర్చుకున్న డాన్సులు ఉంటే వాటిని చివరికి నెట్టకు. ఎనిమిదింటికి లైను ఇరవై నిమిషాలు ఆపించి చేయించు. లైను ఆపగలిగేది నువ్వు కాదు, ఫొటోగ్రాఫర్. అందుకే సాయంత్రం నాలుగింటికే ఆయనతో, క్యాటరింగ్ మేస్త్రితో ఐదు నిమిషాలు కూర్చో. ఎనిమిదికి డాన్సులంటే ఏడూ యాభైకి భోజనాల్లో కొత్త పంక్తి మొదలుకాకూడదు. ఈ చిన్న ఏర్పాటు లేకపోతే నేర్చుకున్న పిల్లలు ఖాళీ కుర్చీల ముందు ఆడాల్సి వస్తుంది, చూడటానికి చాలా బాధగా ఉంటుంది.

ఇక రూల్స్. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లని నిషేధించాయి. పగలైనా రాతపూర్వక అనుమతి ఉండాలి. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తారు. అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఉంటుందని కొందరు నీకు చెబుతారు. అది సాంస్కృతిక, మతపరమైన పండగల సందర్భాలకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది, ఏడాదికి 15 రోజులు మించకూడదు. మన ఇంటి పెళ్ళికి అడిగితే వచ్చేది కాదు. మూసిన హాలులో లోపలివాళ్ళకి వినిపించేంత వరకు రాత్రి కూడా వీలుంది, కాని హాలు గోడ బయట కూడా శబ్దానికి పరిమితి ఉంది. పైన రేకులు వేసి పక్కలు తెరిచి ఉన్న ఫంక్షన్ హాలుని మూసిన హాలు అనుకోకు. అనుమతి కాగితం పెళ్ళివారి పేరు మీద తీయించి, ఫోటో నీ ఫోన్‌లో ఉంచుకో. పది కొట్టాక "ఇంకొక్క పాట" అని బతిమాలేది పెళ్ళివాళ్ళే, కాని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళేది నీ మిక్సరు.

బేస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫిర్యాదులన్నీ దానివల్లే. టాపుల్లోంచి వచ్చే సన్నటి ధ్వని గోడకి తగిలి ఆగుతుంది, మనం తిప్పిన వైపుకి పోతుంది. బేస్ అలా కాదు. గోడలోంచి వెళుతుంది, కాలువ దాటుతుంది, రాత్రిపూట చేల మీదుగా పక్క ఊరి దాకా పోతుంది. స్టేజీకి అటొకటి ఇటొకటి బేస్ బాక్సు పెట్టడం మనందరికీ అలవాటు. అలా పెడితే మధ్యలో దడదడలాడుతుంది, కొంచెం పక్కకి జరిగితే బాగా పడిపోతుంది. రెండూ పక్కపక్కనే ఒకే చోట, డాన్స్ చేసే చోటుకి దగ్గరగా పెట్టు. ఒక్క బాక్సుతో పోలిస్తే దాదాపు 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, అంటే తక్కువ నొక్కితే సరిపోతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, ఆడేవాళ్ళకి నాలుగు మీటర్లలో పెట్టినప్పుడు దక్కే ఊపు వెనక కుర్చీల్లో ముసలమ్మ గుండెల మీదికి రాదు. టాపుల్ని మనిషి తలకన్నా ఎత్తులో కట్టి కొంచెం కిందికి వంచు. డాన్స్ ఫ్లోర్‌ని స్టేజీ ముందు కాకుండా పక్కన వెయ్యమని డెకరేషన్ వాళ్ళకి చెప్పు. పెద్దవాళ్ళు కూర్చోవచ్చు, పిల్లలు ఆడొచ్చు, ఎవరూ ఎవరినీ లేపక్కర్లేదు. కొబ్బరితోటలో పొడుగు షామియానా వేసి భోజనాల దగ్గర కూడా బాక్సులు పెడితే వాటికి డిలే (శబ్దాన్ని ఆ కాస్త ఆలస్యంగా పంపే సెట్టింగు) పెట్టడం మర్చిపోకు. 30 మీటర్లు ధ్వని చేరడానికి దాదాపు 90 మిల్లీసెకన్లు పడుతుంది. డిలే లేకపోతే పంతులుగారి మంత్రం రెండుసార్లు వినిపిస్తుంది.

ఊరేగింపుకి వ్యాను మీద గుట్టగా బాక్సులు కట్టి తిప్పే పని నేను మానేశాను. నువ్వూ మానెయ్యమనే చెబుతాను. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. ఆ బండి పక్కన గంటల తరబడి నడిచే పిల్లలు, బండి మీద కూర్చునే మన కుర్రాళ్ళు ఏమవుతారో ఆలోచించు. ఊరేగింపుకి బ్యాండు మేళం, డప్పులు, గరగలు ఉన్నాయి. ద్రాక్షారామం వైపు నుంచి వీరనాట్యం వాళ్ళు వస్తారు. ఇప్పుడు కేరళ చెండ డోళ్ళ మేళాన్ని కూడా పిలుస్తున్నారు. పెళ్ళివారు అడిగితే వాళ్ళని నువ్వే మాట్లాడిపెట్టు. మన చేతిలో ఉన్న ఆర్డరు వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది. డీజే వచ్చాక ఎక్కువ నష్టపోయింది వాళ్ళే. ఆ మాట నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

అయితే డప్పులు, చెండ, డీజే కలిపి కావాలని అడిగేవాళ్ళు పెరిగారు. చేతులతో వాయించే తాళం మీటర్ కట్టినట్టు ఒకే వేగంలో ఉండదు, ఉత్సాహం వస్తే పెరుగుతుంది. దాని మీద నువ్వు ట్రాక్ వేసి అతికించబోతే రెండూ పాడవుతాయి. వాళ్ళు వాయించినంతసేపు నీ ఫేడరు (సౌండ్ పెంచి తగ్గించే మీట) కింద ఉండాలి. వాళ్ళు ఆపే ముక్తాయింపు ఏదో ముందే విని, అది పడగానే నీ పాట ఎత్తుకో. మన మాస్ పాటల్లో కూడా ఇదే చిక్కు. తీన్మార్ నడకలో ఉన్నవి ఆరు మాత్రల లెక్కలో పోతాయి, క్లబ్ బీట్లు నాలుగు లెక్కలో పోతాయి. రెండు పాటల వేగం కలిపే సింక్ బటన్ రెంటికీ ఒకే బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ లెక్క) చూపించినా కాళ్ళకి తేడా తెలిసిపోతుంది, ఆడుతున్నవాళ్ళు ఆగిపోతారు. నాలుగు నాలుగుతో, ఆరు ఆరుతో కలుపు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు మిక్స్ చెయ్యకు. శుభ్రంగా ఆపి, రెండు సెకన్లు మైకులో ఊరి పేరో పెళ్ళికొడుకు పేరో అరిపించి, కొత్తది కొట్టు. సీజన్ లేని నెలల్లో నీ పాటలన్నీ ఈ రెండు రకాలుగా విడదీసి పెట్టుకుంటే సీజన్‌లో చాలా టెన్షన్ తగ్గుతుంది.

డెబ్బై పాటల లిస్టు గురించి. పాటకి నాలుగు నిమిషాలేసుకుంటే 280 నిమిషాలు, నాలుగున్నర గంటలు దాటుతుంది. ముప్పావుగంటలో మిక్స్ చేసి వేసినా ఇరవై పాటలకి మించవు. ఈ లెక్క పెళ్ళికూతురికి ప్రేమగా చెప్పు. ఆ పిల్ల చదువుకున్నదే, వెంటనే అర్థం చేసుకుంటుంది. "అమ్మా, తప్పకుండా ఉండాల్సినవి ఎనిమిది చెప్పండి, వీలైతే వెయ్యాల్సినవి ఇరవై చెప్పండి, అస్సలు వెయ్యకూడనివి కూడా చెప్పండి" అని అడుగు. మూడోది అడగడం ఎక్కువమంది డీజేలు మర్చిపోతారు. ఆ ఇంట్లో ఈ మధ్య పోయిన మనిషికి ఇష్టమైన పాట ఉండొచ్చు. అది మామూలు హుషారు పాటే కావచ్చు, కాని మొదలవగానే వాళ్ళమ్మ కన్నీళ్ళు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోతుంది. ఇది మనకి ఎలా తెలుస్తుంది? అడిగితేనే తెలుస్తుంది.

కొన్ని మాత్రం అడగకుండానే నీ లిస్టులోంచి తీసేయాలి. రాజకీయ పార్టీల పాటలు, కులం పేరు చెప్పే పాటలు, ఒక హీరోని పొగిడి ఇంకో హీరోని తీసిపారేసే రీమిక్సులు. మన జిల్లాల్లో అభిమానం ఎంత ఘాటుగా ఉంటుందో నీకు చెప్పనవసరం లేదు. ఒక బ్యాచ్ అడిగిందని ఒక హీరో పాట వేస్తే రెండో బ్యాచ్ తమ హీరో పాట రెండుసార్లు వెయ్యమంటుంది. పది నిమిషాల్లో అది పెళ్ళి అనే సంగతి అందరూ మర్చిపోతారు. నా పద్ధతి ఏంటంటే, పాట మార్చమని అడిగే హక్కు ఇంటివాళ్ళు ముందే చెప్పిన ఒక్క మనిషికి ఉంటుంది. సాధారణంగా పెళ్ళికూతురి అన్నయ్యో, పెళ్ళికొడుకు బావగారో. మిగతా ఎవరొచ్చినా, చేతిలో ఐదొందలు పెట్టినా, "బావగారిని అడగండి అన్నయ్యా, ఆయన చెబితే ఇప్పుడే వేస్తాను" అని నవ్వుతూ చెప్పు. డబ్బు ముట్టుకోకు. మైకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మందు మీద ఉన్నవాళ్ళ చేతికి ఇవ్వకు.

ఆడవాళ్ళ సంగతి. మన ఇళ్ళల్లో అత్తలు, వదినలు, పిన్నులు డాన్స్ చెయ్యాలని లేక కాదు ఊరుకునేది. ఫ్లోర్ మీదికి ముందు కుర్రాళ్ళు దూకేస్తారు, తోపులాట మొదలవుతుంది, ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ ఉంటారు. దాంతో వాళ్ళు కుర్చీల్లోనే చప్పట్లు కొడుతూ ఉండిపోతారు. అందుకే నేను మొదటి పావుగంట ఆడవాళ్ళకి, పిల్లలకి ఇస్తాను. మైకులో ఒక్క మాట చెబితే చాలు. లైట్లు కాస్త తగ్గించి, కళ్ళల్లో కొట్టే షార్పీ లైట్లు ఆపేసి, వాళ్ళ వయసులో వాళ్ళు విన్న పాటలు వెయ్యి. యాభై దాటిన పెద్దమ్మ కొంగు బిగించి వచ్చిందంటే ఇక ఆ ఇంట్లో నీ పేరు నిలిచిపోతుంది. తర్వాత ఆ ఇంట్లో ఓణీల ఫంక్షన్‌కి ఎవరిని పిలవాలో చెప్పేది కూడా ఆవిడే.

ఇంకోటి. హల్దీకి పసుపు రంగు సెట్టింగు, హిందీ పాటలు అన్నీ పెట్టించు, తప్పేం లేదు. కాని ఆ ఇంట్లో నలుగు పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు వచ్చిన అమ్మమ్మ ఎవరైనా ఉన్నారా అని కనుక్కో. చాలా ఇళ్ళల్లో ఇంకా ఒకరైనా ఉంటారు. ఒక కార్డ్‌లెస్ మైకు తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టు. చేతికిస్తే దూరంగా పట్టుకుంటారు, కాబట్టి చిన్న స్టాండు పెట్టు. గొంతు సన్నగా ఉంటుంది, మిక్సర్‌లో 100 హెర్ట్జ్ కింద ఉండే బరువు ధ్వనిని కోసెయ్యి, ఫ్యాను కొంచెం పక్కకి తిప్పించు. పాడుతున్నంతసేపు మిక్సర్‌లో రికార్డు చేసి, ఆ ఫైలు మర్నాడు పెళ్ళికూతురికి పంపు. దీనికి ఖర్చేమీ లేదు. ఆ పాటలన్నీ పుస్తకాల్లో లేవు, చాలా వరకు వాళ్ళ గొంతుల్లోనే ఉన్నాయి. మనలాంటి మైకు పట్టుకునేవాళ్ళు రికార్డు చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు? పాట పాడతానని ముందుకొచ్చే అత్తగారికి కరోకే ట్రాక్ శ్రుతి ఎక్కువైతే రెండు మూడు స్వరాలు దించి ఇవ్వు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటిల్లో ఆ బటన్ ఉంది.

ముహూర్తం దగ్గర డీజే పని తక్కువ, బాధ్యత ఎక్కువ. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తాళి కట్టేటప్పుడు సినిమా పాట వెయ్యమని ఈమధ్య అడుగుతున్నారు. గట్టిమేళం సన్నాయి, డోలు వాళ్ళది. దాని మీద ఇంకే శబ్దమూ పడకూడదని నేను పెళ్ళివారికి గట్టిగానే చెబుతాను. తలంబ్రాలకి వచ్చాక కావలసినంత హుషారు చెయ్యొచ్చు. పంతులుగారిని ముందే కలిసి, ఏ ఘట్టంలో ఆయన వివరణ చెబుతారో అడుగు. కాలర్ మైకు ఆయన ఉత్తరీయానికి తగిలి గరగరమంటుంది, చెంప పక్కన ఉండే మైకు మేలు. ముహూర్తం అర్ధరాత్రి అయితే పెద్ద బాక్సులు అసలు ఆన్ చెయ్యకు. హాలు లోపల రెండు చిన్న స్పీకర్లు, మంత్రం వినపడేంత. చాలు.

అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం యూట్యూబ్ లైవ్ ఇప్పుడు చాలా పెళ్ళిళ్ళలో ఉంటోంది. మన రాత్రి ఎనిమిది అంటే డల్లాస్‌లో పొద్దున్న, వాళ్ళు కాఫీ తాగుతూ చూస్తారు. వీడియోవాళ్ళు కెమెరా మైకుతో తీస్తే అరుపులు తప్ప ఏమీ వినపడవు. మిక్సర్‌లోంచి వాళ్ళకి విడిగా ఒక లైన్ ఇవ్వు. అందులో పంతులుగారి మైకు, సన్నాయి, యాంకర్ మైకు మాత్రమే పంపు, పాటలు పంపకు. సినిమా పాట వినపడితే యూట్యూబ్ వ్యవస్థ దానంతటదే పట్టుకుని లైవ్‌ని ఆపేసే ప్రమాదం ఉంది. సరిగ్గా తాళి కట్టే టైమ్‌కి ఆగిపోతే అక్కడ కూర్చున్న అన్నయ్యకి మనం ఏం చెప్పగలం?

పాటలకి లైసెన్సు డబ్బు కట్టాలా అని హాలువాళ్ళు కొన్నిసార్లు బెదరగొడతారు. 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(జెడ్ఏ) ప్రకారం పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళికి సంబంధించిన వేడుకల్లో పాటలు వేస్తే అది ఉల్లంఘన కాదు. కేంద్ర పరిశ్రమల శాఖకి చెందిన డీపీఐఐటీ 2023 జులై 24న ఇచ్చిన ప్రకటనలో కూడా పెళ్ళి వేడుకలకి రాయల్టీ అడగొద్దని చెప్పింది. ఆ ప్రకటన కాపీ ఫోన్‌లో ఉంచుకో. డిసెంబర్ 31 పార్టీలకి, కంపెనీ ఫంక్షన్లకి ఇది వర్తించదు.

హల్దీలో నీళ్ళు చల్లుకోవడం మామూలైపోయింది, కాబట్టి కరెంటు విషయంలో రాజీ వద్దు. నీ మెయిన్ బోర్డులో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకుండా ఏ పనికీ వెళ్ళకు. ఎక్స్‌టెన్షన్ బోర్డులు నేల మీద కాకుండా బల్ల మీద ఉండాలి. మన చేలపక్క నేల శీతాకాలంలో కూడా చెమ్మగానే ఉంటుంది. జనరేటర్ నుంచి త్రీఫేజ్ తీసుకునేటప్పుడు న్యూట్రల్ కనెక్షన్ నువ్వే చేత్తో లాగి చూడు. అది ఊడితే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దగ్గరికి వచ్చి మొత్తం సామాను కాలిపోతుంది. మిక్సర్‌కి, ల్యాప్‌టాప్‌కి యూపీఎస్, పాటలన్నీ ఇంకో పెన్‌డ్రైవ్‌లో. అంతర్వేది, ఓడలరేవు వైపు పనులు చేసొచ్చాక ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, మర్నాడే క్లీనర్ కొట్టి తుడుచుకో.

ఎల్ఈడీ వాల్ కొనకు. అద్దెకి తెచ్చుకో. ఆషాఢం, మూఢాలు, పుష్యమాసం, ఇలా ఏడాదిలో చాలా నెలలు అది గొడౌన్‌లో ఉంటుంది, వాయిదాలు మాత్రం ఆగవు. ఆ డబ్బుతో ముందు నాలుగు మంచి కార్డ్‌లెస్ మైకులు, రెండో ల్యాప్‌టాప్, నేను చెప్పిన కరెంటు జాగ్రత్తలకి కావలసిన సామాను కొనుక్కో. పెళ్ళిలో పాట బాగోలేదని గొడవపడ్డవాళ్ళకంటే మైకు పనిచెయ్యలేదని గొడవపడ్డవాళ్ళనే ఎక్కువ చూశాను. నిప్పురవ్వలు చిమ్మే కోల్డ్ పైరో మిషన్లు అడిగితే, దాని నోరు వేడిగా ఉంటుందని, లోపల కాలేది లోహపు పొడి అని గుర్తుపెట్టుకో. బట్ట డెకరేషన్, కాగితం పూలు, పెళ్ళికూతురి పైట దగ్గరలో ఉంటే ఒప్పుకోకు. డ్రై ఐస్ పొగ కూడా మూసిన చిన్న ఏసీ హాల్లో వద్దు. అది గాలికన్నా బరువైన కార్బన్ డయాక్సైడ్, కిందే పేరుకుంటుంది, పసిపిల్లలు ఆ ఎత్తులోనే ఉంటారు.

రేటు ఒక్క ముక్కలో చెప్పకు. సౌండ్, లైట్లు, జనరేటర్, రవాణా, అదనపు గంట విడివిడిగా వాట్సాప్‌లో రాసి పంపి, "సరే" అని జవాబు వచ్చాకే అడ్వాన్సు తీసుకో. ఇంట్లో ఎవరైనా పోయి మైల వచ్చి పెళ్ళి వాయిదా పడితే ఆ అడ్వాన్సు తర్వాతి తేదీకి జమ అని అందులోనే రాయి. ఆ సమయంలో డబ్బు గురించి మాట్లాడాల్సిన అవసరం ఇద్దరికీ ఉండదు.

చివరిగా, ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు. మాఘంలో మంచి ముహూర్తాలు కొన్నే ఉంటాయి, అందరూ అదే రోజు పెట్టుకుంటారు, ఆశ పుడుతుంది. నీ కుర్రాళ్ళలో ఒకడు నువ్వు పక్కన లేకుండా ఒక పెళ్ళి మొదటి నుంచి చివరిదాకా నడిపి ఉంటే, రెండో జట్టుకి సొంత మిక్సరు, సొంత మైకులు ఉంటే ఒప్పుకో. ఎవరు వస్తారో బుకింగ్ రోజే పెళ్ళివారికి చెప్పు. నీ పేరు చూసి పిలిచినవాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళు. ఒకే సామానుతో రెండు చోట్ల తిరుగుదామని మాత్రం అనుకోకు. నరసాపురంలో రిసెప్షన్ పదికి ఆపి, సామాను విప్పి, వ్యాను ఎక్కించేసరికి పదకొండున్నర. రాజోలు వైపు ఒంటిగంట ముహూర్తమైతే పంతులుగారి మైకు పన్నెండుకల్లా సిద్ధంగా ఉండాలి. సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పడవ) మీద దాటిపోదామనే లెక్క రాత్రిపూట పెట్టుకోకు, చించినాడ వంతెన మీదుగానే తిరిగి వెళ్ళాలి. కాబట్టి రాజోలులో మైకులు, చిన్న స్పీకర్లు మధ్యాహ్నమే బిగించి, ఒక మనిషిని అక్కడే ఉంచు.